ఒడి మారింది

మిరియానికి ఒక కంపెనీ పదేళ్ల పాలసీ ఇస్తానంది. ఇంకో కంపెనీ ఎనిమిది నెలలకు మించి ఒక్క రోజు కూడా ఇవ్వనంది.

ఆదివారం భోజనాలయ్యాక సత్యవేణి ఆ రెండు కాగితాలనూ చాప మీద పక్కపక్కన పరిచింది. మిరియం తిన్నగా వచ్చి వాటి మీదే కూర్చుంది. ఒళ్లంతా నల్లటి నలుపు. మెడకు బూడిదరంగు పట్టీ. వయసు నాలుగేళ్లు.

"అసలు పిల్లికి బీమా ఏటే సత్తే?" అంది అత్తగారు నారాయణమ్మ, గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తూ. "మీ మావ ముప్పై ఏళ్లు గూడ్సుబళ్లకి జెండా ఊపేడు. ఆడికే లేదు బీమా. ఇది ఏ బండికి జెండా ఊపిందని?"

"పోయినేడు దానికి ఉచ్చ ఆగిపోతే నువ్వే కదా నాన్నమ్మా సింహాచలం మొక్కుకున్నావు?" అంది హారిణి. సత్యవేణి కూతురు, డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. నాన్నమ్మ మాటకు ఎదురు లేకుండా పోనివ్వదు.

"మొక్కుకున్నాను. తీరింది. బీమా కట్టేనా?"

పోయినేడు ఆసుపత్రి ఖర్చంతా ల్యాబే పెట్టుకుంది. మిరియం, సత్యవేణి పనిచేసే ల్యాబువాళ్ల పరీక్షలో ఉన్న పిల్లి. మెడ పట్టీ అక్కడ తయారైందే, దీనికి కట్టి ఏడాదిన్నర. పిల్లి తన రోగాన్ని దాచుకుంటుంది, చచ్చే ముందురోజు దాకా తోక ఎత్తుకునే తిరుగుతుంది. పట్టీ దాని గుండె చప్పుడూ, ఊపిరీ, ఒంటి వేడీ, వాసనా పట్టి, రోగం నెలల ముందే చెబుతుంది. నాలుగు వందల ఇళ్లలో పిల్లులకు కట్టి రెండేళ్లు చూశారు. ఈ నెలాఖరుతో ఆ పరీక్ష అయిపోతుంది. పట్టీ ఉంచుకోవచ్చు గానీ వైద్యం మాత్రం ఎవరిది వాళ్లే చూసుకోవాలి.

"పదేళ్లది తీసుకో. ఇందులో ఆలోచించడానికేటుంది?" అన్నాడు భర్త జగన్నాథం. అతను పోర్టులో క్రేను ఆపరేటరు. ఆ వారం రాత్రి షిఫ్టు. నడుం వాల్చడానికి లేస్తూ అన్నాడు.

"పదేళ్లు ఇచ్చేది నేస్తం వాళ్లండి. వాళ్లు వయసూ, డాక్టరు సర్టిఫికెట్టూ చూసి ఇచ్చేస్తారు. ఎనిమిది నెలలు ఇచ్చేది పదిలం వాళ్లు. వాళ్లు పట్టీ లెక్క చూస్తారు."

"అయితే?"

"పట్టీ అబద్ధం చెప్పదు."

అది గొప్పకు అన్న మాట కాదు. పట్టీ పంపే చప్పుళ్లను శుభ్రం చేసేది సత్యవేణే. పట్టీ అబద్ధమైతే ఆమె పదకొండేళ్ల ఉద్యోగమూ అబద్ధమే. కాగితాల మీద ముడుచుకుని పడుకున్న మిరియం వంక చూసింది. ఎనిమిది నెలలు.

*

మర్నాడు పశువుల డాక్టరు మిరియం నోరు తెరిచి చూశాడు, పొట్ట నొక్కి చూశాడు, నెత్తురు తీశాడు, ఎక్స్‌రే తీశాడు. సాయంత్రానికి ఫోన్ చేసి నవ్వాడు.

"దీనికేం రోగం లేదమ్మా. ఇంకో పన్నెండేళ్లు మీ ఇంట్లో పాలు తాగుతుంది. ఎవరు చెప్పారండీ మీకు?"

సత్యవేణి మర్నాడు సగంరోజు సెలవు పెట్టి పదిలం ఆఫీసుకు వెళ్లింది. డాబా గార్డెన్స్‌లో మూడో అంతస్తు. బల్ల వెనక కూర్చున్న అమ్మాయి పేరు ఝాన్సీ. డాక్టరు రిపోర్టు తిప్పి చూసి, పక్కన పెట్టేసింది.

"పిల్లి బానే ఉందండి. మాకూ తెలుసు."

"మరి ఎనిమిది నెలలేంటమ్మా?"

ఝాన్సీ అటూ ఇటూ చూసింది. "మీరు ల్యాబు మేడం కాబట్టి చెప్తున్నాను. మా లెక్క పిల్లిది కాదండి, ఇంటిది. పిల్లిని ఒళ్లో పెట్టుకునే మనిషి పోతే అది కూడు మానేస్తుంది. నాలుగు రోజులు తినకపోతే లివరు పాడు. మాకొచ్చే పెద్ద క్లెయిముల్లో సగం అలాంటివే. అందుకని మనిషి ఎన్నాళ్లుంటారో అంతవరకే పాలసీ ఇస్తాం."

సత్యవేణికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ ముందుకు లాక్కుంది.

"మనిషి సంగతి మీకెలా తెలుసు?"

"మీ ల్యాబు నుంచే కదండీ వస్తుంది?" అంది ఝాన్సీ, నిజంగానే ఆశ్చర్యపోతూ. "ఎవరనేది మాకూ తెలీదు మేడం. నెలలే వస్తాయి, పేరు రాదు."

*

ల్యాబులో దాన్ని తవుడు అంటారు.

పిల్లి రోజుకు పద్నాలుగు గంటలు పడుకుంటుంది. పడుకునేది ఎవరో ఒకరి ఒళ్లోనో, గుండెల మీదో. అప్పుడు పట్టీకి పిల్లి గుండెతో పాటు ఆ మనిషి గుండె కూడా వినిపిస్తుంది. ఆ మనిషి ఊపిరి, చెమట కూడా. మొదట్లో రెండూ కలిసిపోయి లెక్కలన్నీ తప్పేవి. వాటిని విడదీసే పద్ధతి కనిపెట్టింది సత్యవేణే. మిల్లులో బియ్యం ఒకవైపు, తవుడు ఒకవైపు పడ్డట్టు, పిల్లిది ఒక ఫైలులోకీ మనిషిది ఇంకో ఫైలులోకీ పోతాయి. ఆ ఏడు ల్యాబు వార్షికోత్సవంలో శాలువా కప్పారు. తవుడు ఫైలు ఆమె ఎన్నడూ తెరవలేదు. తెరిచే పని లేదు.

ఆ మధ్యాహ్నం ఆమె తిన్నగా డైరెక్టరు సోమయాజులుగారి గదిలోకి వెళ్లింది.

"సార్, మనం తవుడు అమ్ముతున్నామా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "కూర్చోమ్మా. తవుడుకు కూడా కొనేవాళ్లుంటారు. మిల్లు నడిచేది దానిమీదే. నీ జీతం, నా జీతం."

"అందులో మనుషుల జబ్బులు కనిపిస్తున్నాయా?"

"మనం చూడలేదు. కొన్నవాళ్లు చూసుకున్నారు. మనం పశువుల మీద పనిచేసేవాళ్లం సత్యవేణీ. మనుషుల జబ్బు చెప్పే లైసెన్సు మనకు లేదు. చెబితే నేరం."

"వాళ్లు చెప్పకుండా ధర కడితే నేరం కాదా సార్?"

ఆయన కళ్లజోడు పెట్టుకుని, తెరిచి ఉన్న ఫైలు వైపు చూశారు. మాట్లాడటం అయిపోయిందని దాని అర్థం.

తన సీటుకు వచ్చి కూర్చుంది. కొన్నవాళ్లకు ఎన్నాళ్లో ఎలా తెలిసింది? ఎప్పుడు పోయారో తెలిస్తేనే కదా ఎన్నాళ్లని చెప్పేది? ఆ తారీఖులు ఎవరిచ్చారు?

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. చప్పుళ్లు విడదీసేటప్పుడు, పిల్లి పడుకునే మనిషి గుండె చప్పుడు ఒక్కోసారి హఠాత్తుగా ఆగిపోయేది. పాత మనిషి ఇక వినిపించడు, నాలుగైదు రోజులకో పదిరోజులకో కొత్త మనిషి మొదలవుతాడు. పిల్లులంటే అంతే, ఇవాళ ఒకరు, రేపు ఒకరు. అలా జరిగినప్పుడు పాత మనిషి లేని మొదటి రోజు తారీఖు వేసి 'ఒడి మారింది' అని రాసేది. కొత్తగా చేరినవాళ్లకు కూడా అలాగే రాయమని నేర్పింది.

జాబితా తీసింది. రెండేళ్లలో ముప్పై ఒక్క పిల్లులు ఒడి మార్చాయి.

మొదటి నంబరు అనకాపల్లిది. పరీక్ష ముగిసే ముందు పలకరింపు ఫోన్ అని చెప్పింది.

"జూన్ తొమ్మిదిన మీ పిల్లి పడుకునే మనిషి మారిందని మా దగ్గర రాసుందండి. ఇప్పుడు ఎవరి దగ్గర పడుకుంటోంది?"

"నా దగ్గరేనమ్మా," అంది అవతలి ఆవిడ. "అంతకుముందు మావారి దగ్గర పడుకునేది. ఆయన ఎనిమిదో తారీఖున పోయారు. వారం రోజులు అన్నం ముట్టలేదు, పిచ్చిముండ."

రెండో నంబరు భీమిలిది. ఎత్తింది ఒక కుర్రాడు, అమ్మ లేదండి, అన్నాడు. ఎప్పుడొస్తారు అని అడగబోయి ఆగిపోయింది. మూడో నంబరుకు ఫోన్ చెయ్యలేదు.

*

ఇంటికొచ్చాక హారిణి మొహం చూసి పట్టేసింది. గుచ్చిగుచ్చి అడిగితే వంటింట్లో నిలబడి నెమ్మదిగా చెప్పింది సత్యవేణి. బాల్కనీలో బట్టలు తీస్తున్న నారాయణమ్మ చెవులు మాత్రం డెబ్బై ఆరేళ్లవి కావు.

"నానే," అంది లోపలికొచ్చి, బట్టలు మంచం మీద పడేస్తూ. "ఇంకెవులు? పొద్దున్న నువ్వెళ్లినప్పుడు నా ఒళ్లోనే ఉంటాది, సందేళ నువ్వొచ్చినప్పుడు నా ఒళ్లోనే ఉంటాది. కాయితంలో కూడా నా పేరే రాసేవు గదా?"

రాసింది. పట్టీ కట్టినప్పుడు 'పిల్లి ఎక్కువగా ఎవరి దగ్గర పడుకుంటుంది' అన్న గడిలో అత్తగారి పేరే రాసింది.

"నువ్వెక్కడికీ పోవు నాన్నమ్మా," అంది హారిణి. 

"పోనేటి? ఇక్కడే ఉండిపోతే నీ పెళ్లికి నన్ను కూడా కట్నంలో ఇచ్చీమంటారు." ముసలమ్మ నవ్వింది. మనవరాలు నవ్వలేదని చూసి, పిల్లను దగ్గరకు లాక్కుంది. "ఓసి, ఎనిమిది నెలలంటే ఎంత. ముందే తెలిస్తే సర్దుకోడానికి బాగుంటాది. మా అప్పకి ఆ పాటి కూడా తెలీలేదు, పిండి రుబ్బుతా పోయింది."

సత్యవేణికి ఏడుపు వచ్చింది. ఏడుపుతో పాటు, ఒప్పుకోడానికి సిగ్గుపడేంత చిన్న ఊరట కూడా వచ్చింది. డెబ్బై ఆరు. అందరూ ఏదో ఒకరోజు పోవలసినవాళ్లే.

ఆ ఊరట ఒక్క రోజే నిలిచింది.

మర్నాడు ల్యాబులో, భోజనాల వేళ అందరూ కిందికి వెళ్లాక, ఆమె మిరియం తవుడు తెరిచింది. అత్తగారిదేనని ఒకసారి చూసి మూసేద్దామనుకుంది. నారాయణమ్మ గుండె ఆమెకు తెలుసు. బీపీ చూసే మిషను పెట్టినప్పుడల్లా పదికో పదిహేనుకో ఒక దెబ్బ తప్పుతుంది. అది వెంటనే దొరికింది. పొద్దున్న ఒక గంట, సాయంత్రం ఒక గంట. ఆ కాస్త తడబాటు తప్ప ఏడాదిన్నరగా ఒకే తీరులో నడుస్తోంది.

ఇంకో గుండె కూడా ఉంది. పొద్దున్న తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా. నిదానమైన, బరువైన గుండె. ఒక వారం ఉంటుంది, రెండు వారాలు ఉండదు, మళ్లీ ఒక వారం ఉంటుంది.

ఇంట్లో ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉండే కాగితం ఆమెకు చూడకుండానే కళ్లముందు కనిపించింది. ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు. సీ అంటే రాత్రి డ్యూటీ. జగన్నాథం డ్యూటీ దిగి వచ్చి, చద్దన్నం తిని, తొమ్మిదికి పడుకుంటాడు. తను అప్పటికి ల్యాబులో ఉంటుంది. పగలు అతని గుండెల మీద ఎవరు పడుకుంటారో తను ఎప్పుడు చూసింది గనక?

మొదటి నాలుగు నెలలు ఆ గుండె మామూలుగా ఉంది. ఐదో నెల నుంచి చెమట గీత కొంచెం పైకి లేచింది. వెంట్రుకవాసి. తర్వాతి రాత్రి షిఫ్టు వారంలో ఇంకొంచెం. అక్కడి నుంచి దిగలేదు. అనకాపల్లి ఆయన గీత తీసి పక్కన పెట్టింది. భీమిలిది పెట్టింది. మూడూ ఒకే మెట్లు ఎక్కుతున్నాయి. ఆ రెండూ ఒక చోట ఆగిపోయాయి. మూడోది ఇంకా ఎక్కుతోంది.

ఐదో నెల అంటే పదమూడు నెలల కిందట. ఈ పదమూడు నెలలూ ఈ గుండెను ఏరి అవతల పడేసింది తనే. తన చేత్తోనే.

*

"పిల్లికైపోయింది, ఇప్పుడు నా మెడకి కూడా పట్టీ కడతావేటి?" అన్నాడు జగన్నాథం, స్కానింగు సెంటర్లో గౌను తొడుక్కుంటూ.

"ల్యాబువాళ్లు కుటుంబానికి ఉచితంగా చేయిస్తున్నారు, చేయించుకుంటే పోయేదేముంది?" అంది. అతను ప్యాంటు బెల్టుకు కొత్తగా చిల్లు పొడుచుకున్నాడని అప్పుడే చూసింది. ఎప్పుడు పొడుచుకున్నాడో తెలియదు.

రెండు రోజుల తర్వాత పెద్దాసుపత్రి డాక్టరు తెర మీద వేలు పెట్టి చూపించాడు. క్లోమంలో పుట్టిందన్నాడు. కాలేయంలోకి కూడా వెళ్లిందన్నాడు. మందులున్నాయి గానీ అవి రోజులు పెంచేవే, రోగం తీసేవి కావన్నాడు.

"ఇది దొరకదండి మామూలుగా. నొప్పి వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. ఏడాది కిందట వచ్చి ఉంటే కోసి తీసేసేవాళ్లం," అని, ఆ మాట అన్నందుకు తనే నొచ్చుకున్నట్టు కాగితాలు సర్దాడు.

బయట వేపచెట్టు కింద సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. జగన్నాథం చాలాసేపు రోడ్డు మీద బస్సులు చూశాడు.

"నాకు నొప్పి లేదు, జ్వరం లేదు," అన్నాడు చివరికి. "నువ్వు ఊరికే పట్టుకొచ్చినట్టు లేదు సత్యా. ఎలా తెలిసింది?"

చెప్పింది. పట్టీ సంగతీ, తవుడు సంగతీ, పదిలం వాళ్ల ఎనిమిది నెలల సంగతీ.

"ఎన్నాళ్ల నుంచి ఉంది అందులో?"

"పదమూడు నెలల నుంచి. వచ్చినప్పుడల్లా నేనే తీసి పారేశాను."

"తెలిసి పారేశావా?"

"లేదు."

"మరింకేటి."

 ఇంకో బస్సు వెళ్లింది. కాసేపటికి అతను, ఆమె వైపు చూడకుండానే, "ఒక్కసారి తెరిచి చూసుంటే బాగుండేది," అన్నాడు.

అంతే అన్నాడు. గట్టిగా తిట్టినా ఆమెకు అంత తగిలేది కాదు.

ఆటో ఎక్కబోతూ అన్నాడు, "పాపకి నేను చెప్తాను, పరీక్షలవనీ. అమ్మకి మాత్రం చెప్పొద్దు. తనే అనుకుని ధైర్యంగా ఉంది. అలాగే ఉండనీ."

*

ఆ వారంలోనే సత్యవేణి తవుడు ఫైళ్లన్నీ చూసింది. అవే మెట్లు ఎక్కుతున్న గీతలు ఇంకా పందొమ్మిది ఇళ్లలో ఉన్నాయి. నంబర్లు చేతి సంచీలోని పుస్తకంలో రాసుకుంది. మీ ఇంట్లో పిల్లి ఎవరి మీద పడుకుంటుందో వాళ్లని ఒకసారి స్కానింగుకు తీసుకెళ్లండి, అని చెప్పేది. కొందరు తిట్టారు. ఒకాయన ఇదేదో బీమా మోసమన్నాడు. పదకొండో ఇంటికి ఫోన్ చేసేసరికి సోమయాజులుగారికి తెలిసింది. ఉద్యోగం పోయింది. మిగిలిన ఎనిమిది ఇళ్లకూ ఇంటి దగ్గర్నుంచే ఫోన్ చేసింది.

నేస్తం వాళ్ల పదేళ్ల పాలసీ తీసుకుంది. వాళ్లు పట్టీ సంగతి అడగలేదు. పట్టీ విప్పేసి డబ్బాలో పెట్టి ల్యాబుకు పంపేసింది. మిరియం మెడ మీద పట్టీ ఉన్నంత మేర బొచ్చు అణిగిపోయి, పిల్లి సన్నగా కనిపించింది.

పట్టీ పంపిన రోజునే ఝాన్సీ ఫోన్ చేసింది.

"మేడం, మా పాలసీ గురించి ఏమనుకున్నారండి? కావాలంటే ఇప్పుడే చెప్పండి. ఎనిమిది నెలలది ఇక రాదు. ఏడు నెలల ఆరు రోజులే వస్తోంది. ఆలస్యమైన కొద్దీ తగ్గుతుందండి."

"వద్దమ్మా," అంది సత్యవేణి.

*

జగన్నాథం సెలవు పెట్టాడు. నడుం నొప్పని, క్రేను సీటు పడటం లేదని తల్లికి చెప్పాడు. పగలంతా ముందు గదిలో మడతమంచం మీద పడుకుంటున్నాడు. మిరియం అతని గుండెల మీద పడుకుంటోంది. ఇప్పుడు వింటున్నవాళ్లు ఎవరూ లేరు.

నారాయణమ్మ సర్దుకోవడం మొదలుపెట్టింది. చెవి పోగులు హారిణికిచ్చింది. ఇత్తడి బిందె పక్కింటి అప్పలకొండమ్మకు ఇచ్చేసి, "మళ్లీ అడగనులే," అని నవ్వి వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం పెట్టె అడుగు నుంచి పసుపురంగు నేతచీర తీసి, మడత విప్పి, కొడుకు మంచం పక్కన పీట వేసుకుని కూర్చుంది. సత్యవేణి వంటింటి గుమ్మంలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"బాబూ, ఇదిగో ఇది కట్టండి నాకు. కొత్తది కొనీవద్దు, కాలిపోయేదానికి కొత్తదెందుకు."

"అలాగేనమ్మా."

"మీ అత్తోరి ఊరోళ్లందరికీ కబురెట్టకు. వొచ్చి తిని ఎల్తారు గానీ ఒక్కలూ మొయ్యరు. నలుగురు సాలు."

"అలాగే."

"సత్తెని ఏడవనివ్వకు ఎక్కువ. దానికి తలనొప్పొస్తాది. పదకొండో రోజున మైల తీరాక దానికి పూలు పెట్టించు, మరిసిపోకు."

"మర్చిపోనమ్మా."

గుమ్మంలో సత్యవేణి చేతిలోని కాయ ఒలవకుండానే పళ్లెంలో పడేసింది. మళ్లీ తీసింది.

నారాయణమ్మ చీర మడత పెడుతూ కొడుకు వంక చూసింది. చెయ్యి చాచి, పిల్లికి పక్కగా, అతని మెడ కింద ఎముకను వేలితో తడిమింది.

"కొరివి కుండలో నీళ్లు నిండా పొయ్యనీకు," అంది. "సగానికి పోయించుకో. సితి సుట్టూ మూడు సుట్లు తిరగాల. ఈమద్దెన సిక్కిపోయేవు నాయినా, నిండు కుండ మొయ్యలేవు."

"సగానికే పోయించుకుంటానమ్మా," అన్నాడు జగన్నాథం.